కేంద్ర బ్యాంకులో ఒక్క షేరు

తిరుపతిలో ఉంటానని చెబితే ఎవరైనా మొదట అడిగేది దర్శనం టికెట్ల సంగతి. షేర్ల విశ్లేషణ నా వృత్తి అని చెప్పినా రెండో ప్రశ్న కూడా దర్శనం టికెట్ల గురించే ఉండేది, ఎందుకంటే ఆ వృత్తి పేరు వాళ్ళు ఎప్పుడూ విని ఉండరు. విడమరచి చెబితే, "అయితే రేపు ఏది పెరుగుతుందో చెప్పండి" అనేవారు. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. లేకుండానే జీవితమంతా ఉద్యోగం చేసి రిటైరయ్యాను.

ఇప్పుడు మా పేటలో ఎంబీఏ చదివిన పిల్లలు కొందరు ఇదే పనిలో చేరుతున్నారు. సాయంత్రం వాకింగ్‌లో కనబడి, "అసలు మీరేం చేసేవారు ఆంటీ?" అని అడుగుతుంటారు. నడుస్తూ చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయడం లేదు. అవి వచ్చిన సంగతి మా ఆఫీసులోనే చాలామందికి తెలియలేదు.

భక్తవత్సలం సారు

మా బ్రాంచి మేనేజరు భక్తవత్సలం సారు చిత్తూరు మనిషి. మామిడికాయల మండీలో గుమాస్తాగా మొదలుపెట్టి, షేర్లలోకి వచ్చి, బ్రోకింగ్ ఆఫీసుకు మేనేజరయ్యారు. ఆయనతో పనిచేయడం సులువేమీ కాదు. అరిచేవారు. నేను చేసిన పనిని హైదరాబాదు పెద్దల ముందు తనదిగా చెప్పేవారు. రాహుకాలంలో కొనుగోలు ఆర్డరు పెట్టనిచ్చేవారు కాదు. అమ్మకాలకు మాత్రం అభ్యంతరం లేదు, ఆ పాపం కొనేవాడిదట.

అయినా నేను నేర్చుకున్నదాంట్లో పనికొచ్చే సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. చేరిన కొత్తలో ఒక గ్రానైటు కంపెనీ మీద పెద్ద రిపోర్టు రాశాను. అమ్మకాలు, లాభాలు, ఎగుమతులు అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. కొనొచ్చు అని తేల్చాను. సారు మొదటి పేజీ చూసి, మిగతావి వేలితో ఎగరేసి, "అంతా బాగుండాది. పంట ఎవురు కోసుకుంటారమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ కూర్చుని చూశాను. యజమాని జీతం, ఆయన భార్య జీతం, ఆయన తమ్ముడి క్వారీకి కట్టే అద్దె, బావమరిది లారీలకు ఇచ్చే కిరాయి. లాభం మొత్తం ఇంటిదారి పడుతోంది. షేరు కొన్నవాడికి మిగిలేది వార్షిక నివేదిక మీది రంగుల బొమ్మ. రిపోర్టు చింపేశాను.

కొత్తగా వచ్చేవాళ్ళు ఇదొక్కటి పట్టుకుంటే చాలు. కంపెనీ ఎంత సంపాదించిందన్నది పేపర్లో కూడా వస్తుంది. అందులో వాటాదారు చేతికి ఏ దారిలో, ఎంత వస్తుందో కనుక్కోవడానికే మనకు జీతం ఇస్తారు.

గురవయ్య

గురవయ్యది దామలచెరువు పక్కన పల్లె. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన మామిడితోట పోయింది. పరిహారం వచ్చింది. అందులో పెద్ద వాటా ఎక్కువ వడ్డీ ఇస్తామన్న ఒక ఫైనాన్స్ కంపెనీలో పెట్టాడు. ఆ కంపెనీ ఒక ఉదయం తలుపు తీయలేదు. ఆ తర్వాత ఎప్పుడూ తీయలేదు. మిగిలిన వాటాతో మా ఆఫీసుకు వచ్చాడు. వెంట భార్య రాజమ్మ, రేణిగుంటలో ఫ్యాక్టరీలో పనిచేసే మేనల్లుడు మురళి ఉన్నారు.

మాట్లాడింది మురళి. ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఐరోపాలో ఒక చిన్న దేశం. ఆ దేశపు కేంద్ర బ్యాంకు షేర్లు అక్కడి మార్కెట్లో దొరుకుతాయి. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి చాలామందికి నమ్మబుద్ధి కాదు గానీ, ప్రపంచంలో అలాంటి కేంద్ర బ్యాంకులు కొన్ని ఉన్నాయి. చట్టం ఒప్పుకున్న దారిలో డబ్బు పంపి, విదేశీ బ్రోకరు ద్వారా మనమూ కొనొచ్చు. మా ఆఫీసుకు అలాంటి ఏర్పాటు ఉండేది.

"నోట్లు అచ్చేసేది వాళ్ళే మేడమ్. అచ్చేసేవోడు దివాలా తీస్తాడా? ఆ బ్యాంకు ఆస్తిని షేర్లతో భాగారిస్తే ఒక్కో షేరుకు ఎంతొస్తాదో తెలుసా? దాంట్లో ఈసమెత్తు ధరకే అమ్ముతాండారు!" అన్నాడు మురళి.

గురవయ్య అంతసేపూ టేబులు వైపు చూస్తూ కూర్చున్నాడు. చివర్లో ఒకటే మాట అన్నాడు. "ఉండేదంతా దాంట్లో పెట్టు మేడమ్. సర్కారు బ్యాంకయితే యాడికీ పారిపోదు గదా."

"ఉండేదంతా" అంటే నిజంగానే ఉన్నదంతా. ఆ డబ్బు మీద వచ్చేదాంతోనే మొగుడూ పెళ్ళాలు ఇక బతకాలి. చేయడానికి తోట లేదు, కూలికి పోయే వయసు కాదు. నేను రెండు రోజులు ఆగమన్నాను. మా సారు నన్ను పక్కకు పిలిచి, "ఆగమనడం దేనికమ్మా? తిరుపతిలో కేంద్ర బ్యాంకు షేరు కొనిపించిన మొదటి బ్రాంచి మనదవుతుంది" అన్నారు. పేపరోళ్ళకు చెప్పాల్సిన మాటలు అప్పటికే అనుకుంటున్నట్టున్నారు.

ఇంటివాడకానికి రెండు గంపలు

ఆ బ్యాంకు వార్షిక నివేదిక, దాన్ని పుట్టించిన చట్టం రెండూ చదివాను. ఇంగ్లీషు అనువాదం చక్కగా పెట్టారు, ఏదీ దాచలేదు. మురళి చెప్పిన ఆస్తి నిజమే. బంగారం, విదేశీ బాండ్లు, పరాయి దేశాల కంపెనీల షేర్లు కొండలా ఉన్నాయి. ఆ కొండకూ వాటాదారుకూ సంబంధం లేదన్న సంగతి చట్టంలో స్పష్టంగా ఉంది. డివిడెండుకు పైహద్దు ఉంది. ఎంత లాభం వచ్చినా ఆ హద్దు దాటదు. మిగిలింది ప్రభుత్వానికి. ప్రైవేటువాళ్ళ ఓట్లకు పరిమితి ఉంది. ఎప్పుడైనా బ్యాంకును మూసేస్తే వాటాదారుకు షేరు ముఖవిలువ, అంటే మొదట్లో దాని మీద రాసిన ధర మాత్రమే ఇస్తారు, తక్కినది మళ్ళీ ప్రభుత్వానికే. ఆ ముఖవిలువకు మార్కెట్ ధర ఎన్నో రెట్లు ఉంది. ఆ ధరకు కొన్నవాడికి డివిడెండు మన పొదుపు ఖాతా వడ్డీ కంటే తక్కువ పడుతుంది. అది కూడా లాభం వచ్చిన ఏడాదే.

ఇక మన సూత్రాలేవీ అక్కడ పారవు. మామూలు కంపెనీ లాభం కోసం పనిచేస్తుంది. కేంద్ర బ్యాంకు ధరలు అదుపులో పెట్టడానికి, కరెన్సీని నిలబెట్టడానికి పనిచేస్తుంది. ఆ పనిలో లాభం వస్తే వస్తుంది, పోతే పోతుంది. అది దాని తప్పు కాదు. తప్పు దాన్ని కంపెనీ అనుకుని వెలకట్టేవాడిది. ధర ఎందుకు ఎగురుతుందంటే, అమ్మకానికి వచ్చే షేర్లు బహు తక్కువ. నలుగురు ఎగబడితే చాలు.

గురవయ్య మళ్ళీ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. మర్యాదగా విన్నాడు. ఒక్క ముక్క ఎక్కలేదు. అప్పుడు తోట సంగతి ఎత్తాను. మా వైపు తోటగలవాళ్ళు చాలామంది పూత మీదే కాపును వ్యాపారికి అమ్మేస్తారు. కాపలా, కోత, లాభనష్టాలు వ్యాపారివి. తోటాయన కౌలు డబ్బు తీసుకుంటాడు, ఇంటివాడకానికి రెండు గంపల కాయలు ఇవ్వాలని మాట్లాడుకుంటాడు.

"ఈ బ్యాంకులో కాపు సర్కారుదన్నా. కౌలు కూడా సర్కారుదే. మీకొచ్చేది ఇంటివాడకానికి రెండు గంపలు. విరగకాసినా రెండే" అన్నాను.

"కాయకపోతే?"

"అవీ లేవు."

"తోటనే అమ్మేస్తే?"

"మొదట్లో మీరు కొనిచ్చిన మొక్కల ఖరీదు తిరిగిస్తారు. చెట్ల ఖరీదు కాదు."

గురవయ్య మురళి వైపు తిరిగినాడు. మురళి ఫోను వైపు తిరిగినాడు.

"మరి ఎందుకు కొంటాండారమ్మా జనం?" అంది రాజమ్మ.

"రేపు ఇంకొకరు ఇంకా ఎక్కువకు కొంటారని."

"వాళ్ళో?"

"వాళ్ళూ అందుకే."

గురవయ్య డబ్బును పోస్టాఫీసు పథకంలో కొంత, బ్యాంకు డిపాజిట్లలో కొంత పెట్టించాను. నెలనెలా ఇంత అని వస్తుంది. ఇందులో విశ్లేషకురాలి ప్రతిభ ఏమీ లేదు, పోస్టాఫీసు గుమ్మంలో ఉండే ఏజెంటు కూడా ఇదే చెబుతాడు. సారు మాత్రం "పోస్టాఫీసోళ్ళు మనకేమన్నా కమీషన్ ఇస్తారామ్మా?" అని అడిగారు. ఇవ్వరు అన్నాను. "తెలుసుకుందామనే అడిగినాలే" అన్నారు.

అయితే ఒకటి

అంతటితో అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా గురవయ్య ఒక్కడే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ బ్యాంకులో వాటా ఉంటే మీటింగుకు పిలుస్తారంట గదా?"

"ఏడాదికొకసారి పిలుస్తారన్నా. ఏ కంపెనీ అయినా అంతే."

"పెద్దాయన వస్తాడా? అడిగితే బదులు చెప్తాడా?"

"వస్తాడు. చెప్పాలి."

"అయితే ఒకటి కొను."

నాకు చిరాకు వేసింది. రెండు రోజులు కళ్ళు పోగొట్టుకుని చదివి వద్దని చెబితే, ఒకటి కొనమంటాడు. ఆ ఒక్క షేరు ధర మా దగ్గర ఒక మంచి పాడిఆవు ధరంత ఉంది. ఎందుకన్నా అని కాస్త గట్టిగానే అడిగాను.

అప్పుడు చెప్పాడు. ఫైనాన్స్ కంపెనీ మూసేశాక ఆయన రోజూ తొలి బస్సుకు తిరుపతి వచ్చి ఆ షట్టరు ముందు నిలబడేవాడట. మొదట్లో చాలామంది వచ్చేవాళ్ళు, అరిచేవాళ్ళు. తర్వాత తగ్గిపోయారు. ఈయన మానలేదు. పక్కన టీ అంగడాయన కూడా పలకరించడం మానేశాడట.

"డబ్బుల కోసరం కాదు మేడమ్. పొయ్యిందని నాకూ తెలుసు. ఎవురో ఒకరు వచ్చి, 'పొయ్యిందప్పా, ఇట్ల జరిగింది' అని చెప్తారని నిలబడితి. ఒక్కడూ రాల్యా. నా డబ్బు ఎత్తుకున్నోడి మొగమే నేను సూళ్ళేదు."

విశ్లేషకులుగా మీకు ఇలాంటి కొనుగోలుదారు తగిలితే ఏం చేయాలో నేను చదివిన పుస్తకాల్లో లేదు. పెట్టుబడి లెక్కన అది పనికిమాలిన కొనుగోలు. అదే చెప్పాను. ఆయన తలూపి, డబ్బు పంపే కాగితం మీద ఎక్కడ సంతకం చేయాలో చూపమన్నాడు. రాజమ్మకు తెలిసింది మర్నాడు. ఆఫీసుకు ఫోన్ చేసి, "ఆవునన్నా కొనుంటే పాలిచ్చేది గదమ్మా!" అని పెట్టేసింది. ఆ వాక్యాన్ని మించిన విలువ అంచనా ఆ షేరు మీద నేను ఇప్పటికీ చదవలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది, మీకూ ఎదురవుతుంది. విదేశీ బ్రోకరు ద్వారా కొన్న షేరు ఆ బ్రోకరు తరఫున ఉండే సంస్థ పేరు మీద ఉంటుంది. కొన్నవాడి పేరు బ్యాంకుకు తెలియదు. అంటే మీటింగు పిలుపు గురవయ్యకు రాదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. "ఆడ కూడా నా పేరు లేదా?" అన్నాడు. పేరు నమోదు చేయించడానికి వాళ్ళకు మెయిళ్ళు రాశాను, పాస్‌పోర్టు తీయించాను, నోటరీ చేయించాను. ఖర్చు కొన్నేళ్ళ డివిడెండు కంటే ఎక్కువైంది. చివరికి ఆయన పేరుతో ధ్రువీకరణ వచ్చింది. దాన్ని మురళి అందరికీ ఫోనులో పంపాడు.

ధర పెరిగిన రోజులు

తర్వాత ఆ షేరు పెరిగింది. కొద్దిగా కాదు. ఆ వీడియో చేసినతను ఇంకో వీడియో చేశాడు. నేను వద్దని చెప్పిన క్లయింట్లు ఇంకొందరు ఉన్నారు. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా టేబులు ముందు కూర్చుని, టీ తాగి, "మీ మాట విని చెడినాం మేడమ్" అని చెప్పి వెళ్ళేవారు. ఒకాయన నాయుడుపేట నుంచి ఈ ఒక్క మాట చెప్పడానికే బస్సెక్కి వచ్చాడు. సారు వాళ్ళ ముందు నన్ను కేకలేసి, వాళ్ళు వెళ్ళాక నాకూ టీ తెప్పించేవారు.

నిజం చెబుతాను, బాధేసింది. నిద్ర పట్టని రోజులు కూడా ఉన్నాయి. మళ్ళీ చట్టం తీసి చదివాను. ఒక్క అక్షరం మారలేదు. కాపు సర్కారుదే, మనకు రెండు గంపలే. ధర పెరగడం వల్ల నా విశ్లేషణ తప్పయిపోదు. కొన్నాళ్ళకు ధర పడింది. దానివల్ల నేను గొప్పదాన్నీ అయిపోలేదు. మీ రిపోర్టు సరైనదా కాదా అన్నది ధర చెప్పదు, మీరు చదవాల్సింది చదివారా లేదా అన్నదే చెబుతుంది. ఇది చెప్పడం తేలిక. క్లయింటు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నప్పుడు నమ్మడం కష్టం.

మీటింగు

విదేశీ బాండ్లు, షేర్లు పడిపోయిన ఏడాది ఆ బ్యాంకుకు పెద్ద నష్టం వచ్చింది. డివిడెండు లేదన్నారు. ఆ ఏడాది వార్షిక సమావేశాన్ని ఇంటర్నెట్‌లో చూసే వీలుంది, ముందుగా ప్రశ్న రాసి పంపొచ్చు. గురవయ్య వారం ముందే వచ్చి ప్రశ్న చెప్పాడు. అది తోట దగ్గర మొదలై, రోడ్డు మీదుగా ఫైనాన్స్ కంపెనీ దాకా పోయింది. బ్యాంకువాళ్ళు క్లుప్తంగా అడగమన్నారని చెప్పాను. అప్పుడు కుదించి ఒకటే చెప్పాడు. దాన్ని ఇంగ్లీషులో పెట్టి పంపాను.

మీటింగు రోజు మధ్యాహ్నం భోంచేసి ముగ్గురూ వచ్చారు. గురవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సారు తన గదిలో పెద్ద కంప్యూటరు ఇచ్చి, తానూ వెనక కుర్చీ వేసుకున్నారు. తెర మీద పెద్ద హాలు, వరసగా జనం. వేదిక మీద బక్కపలచటి మనిషి, ఆ బ్యాంకు గవర్నరు. ఆయన మాటల ఇంగ్లీషు అనువాదం వస్తుంటే నేను తెలుగులో చెబుతూ పోయాను. బంగారం, వడ్డీరేట్లు, మారకం విలువ. గురవయ్య అన్నిటికీ తలూపాడు. రాజమ్మకు కునుకు పట్టింది.

ప్రశ్నలు మొదలయ్యాయి. వాళ్ళ ఊరివాళ్ళు లేచి అడిగారు. తర్వాత గవర్నరు ఒక కాగితం తీసుకుని, ఇండియా నుంచి ఒక వాటాదారు అడిగారంటూ గురవయ్య పేరు చదివాడు. రాజమ్మ లేచి కూర్చుంది. ప్రశ్న ఇది: మా డబ్బు పోతే పోయిందని మాకు ఎవరు చెబుతారు? యాడికొచ్చి చెబుతారు?

హాల్లో కొందరు నవ్వారు. ఆ గవర్నరు నవ్వలేదు. కాగితం కింద పెట్టి, "నేనే చెప్పాలి, ఇక్కడికే వచ్చి చెప్పాలి. ఈ ఏడాది నష్టం వచ్చింది. మీకు ఇవ్వడానికి ఏమీ లేదు. అది చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను" అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. గురవయ్య నా వైపు తిరిగాడు.

"ఇంకొకసారి చెప్పు మేడమ్."

మళ్ళీ చెప్పాను. తెర మీద వాళ్ళు ఇంకెవరి ప్రశ్నకో వెళ్ళిపోయారు.

"మామా, రూపాయి కూడా రాదంట. ధర కూడా మనం కొన్నదానికంటే కిందుండాది" అన్నాడు మురళి.

గురవయ్య వాడి మాట విన్నట్టు లేదు. లేచి, చొక్కా సర్దుకుని, "ఇంక అమ్మేసేయ్ మేడమ్" అన్నాడు.

ఇప్పుడు అమ్మితే నష్టం, కొంతకాలం ఆగితే కోలుకోవచ్చు అన్నాను. అది నా ఉద్యోగం. సారు కూడా ఆగమన్నారు.

"ఆగేదేం లేదు సార్. నేను దేనికి కొన్నానో అది వచ్చేసింది" అన్నాడు. రాజమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆర్డరు పెట్టాను.

మెట్లు దిగేముందు ఆయన వెనక్కి తిరిగినాడు.

"ఆ ఫైనాన్స్ కంపెనీవోడు ఈ ఒక్క మాట చెప్పుంటే, నేను ఆ పొద్దే ఇంటికి పొయ్యుండేవాణ్ణి మేడమ్."